నీళ్ల గమ్మే కదా అనుకోకండి: ఫ్లోరింగ్ జిగురుతో జాగ్రత్తగా పని చేసే పద్ధతి

మా దగ్గర వినైల్ షీట్లు పరిచే తమ్ముడొకడు ఉన్నాడు. పనిలో దిట్ట. మూడేళ్ల కిందట ఎండాకాలంలో అతని వేళ్ల సందుల్లో ఆవగింజలంత నీటి పొక్కులు లేచాయి. చెమటకాయలనుకుని పౌడరు అద్దుకుని పనిలోకి దిగాడు. పది రోజులకల్లా చర్మం ఎర్రగా కంది, మందంగా మారి, వేళ్ల మడతల దగ్గర పగిలింది. అన్నంలో పచ్చడి కలుపుకుంటే కళ్లెంట నీళ్లు కారేవి. సెలవు పెట్టి ఊరెళ్తే తగ్గింది. తిరిగొచ్చి జిగురు డ్రమ్ము మూత తీసిన రెండో రోజుకే మళ్లీ మొదలైంది. చర్మవ్యాధుల డాక్టరు అతని వీపు మీద రకరకాల రసాయనాల పట్టీలు అంటించి, రెండు రోజుల తర్వాత తీసి చూసి, మర్నాడు ఇంకోసారి రప్పించుకుని చెప్పారు: జిగురు పాడవకుండా కలిపే మందు ఇతని ఒంటికి పడటం లేదు.

"నీళ్ల గమ్మే కదన్నా, అందులో ఏముంటుంది?" అన్నాడు. ఆ మాట అతనికి నేర్పింది నేనే. పాత రకం థిన్నర్ గమ్ము మానేసి నీళ్ల గమ్ముకి మారినప్పుడు, ఇక భయం లేదని సైట్‌లో అందరికీ చెప్పాను. అగ్గి భయం పోయింది, తల తిరగడం పోయింది, అంతవరకు నిజమే. చేతులకు, గాలికి, మురుగు నీటికి, గచ్చు తడికి సంబంధించిన భయాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. వాటి గురించే ఇదంతా. పని చేసే మేస్త్రీలూ చదవాలి, ఇంట్లో పని చేయించుకునేవాళ్లూ చదవాలి.

అసలు డ్రమ్ములో ఏముంది

వినైల్, కార్పెట్ కింద రాసే తెల్ల జిగురు చాలావరకు యాక్రిలిక్ ఎమల్షన్. పాలలో వెన్న సన్నటి బొట్లుగా తేలుతున్నట్టే, ఇందులో ప్లాస్టిక్ లాంటి రెసిన్ కణాలు నీళ్లలో తేలుతుంటాయి. నీరు ఆరితే కణాలు ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి. దీనికి తోడు సున్నపురాయి పొడి, పట్టు కోసం రోజిన్ లాంటి బంకలు, కొద్దిగా గ్లైకాల్ రకం ద్రావకాలు ఉంటాయి. కొన్ని రబ్బరు పాల రకాల్లో అమ్మోనియా కూడా కలుపుతారు. మూత తీయగానే ముక్కు ఘాటెక్కేది దానివల్లే.

నీళ్లున్న చోట బూజు పడుతుంది, క్రిములు పెరుగుతాయి. నెలల తరబడి గోడౌన్‌లో ఉన్నా జిగురు కుళ్లకూడదంటే ప్రిజర్వేటివ్ తప్పదు. ఎక్కువగా వాడేవి ఐసోథయాజొలినోన్ జాతివి. డబ్బా మీద ఎం.ఐ.టి., సి.ఎం.ఐ.టి., బి.ఐ.టి. అని పొట్టి పేర్లుంటాయి. ఇవి ఉండేది చాలా తక్కువే, కానీ అలర్జీ పుట్టించడానికి ఆ తక్కువే చాలు. యూరప్ నిబంధనల్లో ఎం.ఐ.టి. 10 లక్షల వంతుల్లో 15 వంతులకు చేరితే చాలు, చర్మ అలర్జీ హెచ్చరిక గుర్తు వేయాలి. అమెరికా చర్మవైద్యుల సంఘమొకటి 2013లో దీన్ని ఆ ఏటి ముఖ్య అలర్జీ కారకంగా ప్రకటించింది. ఒంటికి రాసుకుని కడిగేయని క్రీముల్లో దీన్ని యూరప్ 2017 నుంచి నిషేధించింది. మొహానికి వద్దన్న పదార్థంలో మా కుర్రాళ్లు రోజంతా మోచేతుల దాకా చేతులు పెడుతున్నారు.

ఒక్కసారి ఒళ్లు దాన్ని శత్రువుగా గుర్తుపట్టిందంటే ఇక జీవితాంతం మరిచిపోదు. మంట, దురద మందుతో తగ్గుతాయి, అలర్జీ మాత్రం ఉండిపోతుంది. అందుకే దీన్ని వచ్చాక తగ్గించుకునే జబ్బుగా కాక, రాకుండా చూసుకోవాల్సిన జబ్బుగా చూడాలి.

1. కొనేటప్పుడే డబ్బా చదవండి

కొట్లో "వాటర్ బేస్డ్ ఇవ్వండి" అని అడిగి ఊరుకోకండి. డబ్బా తిప్పి చూడండి. మంట బొమ్మ ఉంటే అది నీళ్ల గమ్ము కాదు, టోలీన్, హెక్సేన్ లాంటి ద్రావకాలున్న రబ్బరు గమ్ము. దానికి జాగ్రత్తలే వేరు. ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటే చర్మానికో కంటికో హాని ఉందని అర్థం. ఏ గుర్తూ లేకపోయినా "అలర్జీ కలిగించవచ్చు" అన్న చిన్న అక్షరాల వాక్యం ఉందేమో వెతకండి.

డీలర్‌ని సేఫ్టీ డేటా షీట్ అడగండి. 16 భాగాల కాగితం అది. మొత్తం చదివే ఓపిక లేకపోతే నాలుగు భాగాలు చాలు: 2లో ప్రమాదాలు, 4లో ప్రథమ చికిత్స, 8లో ఏ గ్లౌజులు, ఏ మాస్కు, 13లో మిగిలింది ఎలా పారేయాలి. నేనైతే ఫోన్‌లో ఫొటో తీసి సైట్ వాట్సాప్ గ్రూపులో పెడతాను. ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తే డాక్టరు మొదట అడిగేది ఆ పేర్లే.

"లో వీఓసీ" (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు తక్కువ) అని రాసుంటే మంచిదే. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా గాలి నాణ్యత నిబంధన ఇళ్లలోపల వాడే కార్పెట్ జిగురుకు లీటరుకు 50 గ్రాముల హద్దు పెట్టింది. అయితే తక్కువ అంటే సున్నా అని కాదు. పైగా ఆ లెక్క గాలిలోకి ఆవిరయ్యే వాటిదే. చర్మానికి ఏమవుతుందో ఆ మాట చెప్పదు.

2. గచ్చు ఆరిందో లేదో తేల్చుకోండి

అందరూ తొందరపడేది ఇక్కడే, తర్వాత ఇల్లంతా బాధపడేదీ ఇక్కడే. కాస్త నిదానంగా చెప్తాను.

కొత్త కాంక్రీటు క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది. లోపలి తడి పైకొచ్చేటప్పుడు ఆ క్షారాన్ని వెంటబెట్టుకొస్తుంది. పైన వినైల్ షీటు మూతలా కూర్చుంది కాబట్టి తడికి బయటికి దారి లేదు. జిగురు మళ్లీ మెత్తబడి తెల్లటి పేస్టులా మారుతుంది, అంచులు లేస్తాయి. అంతటితో అయిపోదు. తడి, క్షారం కలిసి యాక్రిలిక్ జిగురునూ, వినైల్‌ని మెత్తగా ఉంచే నూనెలనూ విరగ్గొడతాయి. అప్పుడు బ్యూటనాల్, 2-ఇథైల్‌హెక్సనాల్ అనే ఆల్కహాళ్లు పుట్టి గదిలోకి వస్తాయి. మంచి జిగురు, మంచి షీటు వేసినా నెలల తరబడి తియ్యటి వెగటు వాసన, కళ్ల మంట, గొంతు గరగర. స్వీడన్, జపాన్‌లలో దీని మీద బాగా పరిశోధన జరిగింది. మన దగ్గర అదే వాసన వస్తే "కొత్త ఫ్లోరింగ్ వాసనలే" అని అగరొత్తులు వెలిగిస్తారు.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఇది. అడుగున్నర పొడవు, అడుగున్నర వెడల్పు మందపాటి పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని గచ్చు మీద పరిచి నాలుగంచులూ టేపుతో గట్టిగా మూసేయండి. కనీసం 16 గంటలు ఉంచండి. మేం సాయంత్రం వేసి మర్నాడు మధ్యాహ్నం తీస్తాం. కాగితం కింద నీటి చుక్కలు కనిపించినా, ఆ చదరం మేర గచ్చు నల్లబడినా జిగురు డ్రమ్ము తెరవొద్దు. గదికి ఒక్క చోట కాదు, బాత్రూం గోడ పక్కన, బయటి గోడ మూలన, మధ్యన మూడు చోట్లా చూడండి. పొడిగా కనిపించినంత మాత్రాన పూర్తి భరోసా లేదు. పెద్ద పనైతే కాంక్రీటులో రంధ్రం చేసి తేమ మీటరు దించి కొలిపించండి. చాలా జిగుర్లకు ఆ తేమ 75 శాతం దాటకూడదు, కొన్ని అంతకంటే ఎక్కువ తడిని తట్టుకుంటాయి. మీ డ్రమ్ము మీద ఏముందో అదే లెక్క.

పాత జిగురు గీకేటప్పుడు ఇంకో ముప్పు ఉంది. ఎండిపోయిన గమ్ము ఊడిరావడం లేదని పెట్రోలో థిన్నరో పోసి రుద్దుతుంటారు. దయచేసి ఆ పని చేయొద్దు. నీళ్ల గమ్ముతో తప్పించుకున్న అగ్గిని మనమే తెచ్చి గచ్చు మీద పోసినట్టు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, నేల వెంట పాకుతూ పోయి పక్క గదిలో గ్యాస్ పొయ్యినో ఫ్రిజ్ స్విచ్చునో చేరుతుంది. వేడినీళ్లలో తడిపిన గోనెపట్టా అరగంట పరిచి, మెత్తబడ్డాక స్క్రేపర్‌తో గీకండి. మెషీన్‌తో గ్రైండింగ్ చేయాల్సి వస్తే వ్యాక్యూమ్ తగిలించిన మెషీనే వాడండి, ఎన్-95 మాస్కు పెట్టుకోండి. కాంక్రీటు ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఇక బయటికి రాదు.

అమెరికాలో ఉండే మనవాళ్లకు ఒక మాట. 1980లకు ముందు కట్టిన ఇల్లు కొని, నేలమాళిగలో 9 అంగుళాల పాత టైల్సు, వాటి కింద తారులాంటి నల్ల జిగురు కనిపిస్తే చేయి పెట్టకండి. వాటిలో ఊపిరితిత్తులను పాడుచేసే ఆస్బెస్టాస్ నార ఉండే అవకాశం బాగా ఎక్కువ. గీకడం, ఇసుక కాగితంతో రుద్దడం, పగలగొట్టడం ఏదీ వద్దు. ముందు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

3. చేతులు, కళ్లు, మోకాళ్లు

గ్లౌజులు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి కొనండి. గుడ్డ గ్లౌజులు వద్దు, జిగురు పీల్చుకుని అవే చర్మానికి పట్టీల్లా అంటుకుంటాయి. మన ఎండలకు లోపల చేయి చెమటతో నానిపోతుందని చాలామంది తీసి పారేస్తారు. నిజమైన ఇబ్బందే అది. లోపల పల్చటి నూలు గ్లౌజు, పైన నైట్రైల్ వేసుకుని, నూలుది తడవగానే మార్చండి. రోజుకి మూడు నాలుగు జతలు పోతాయి. ఆ ఖర్చు కాంట్రాక్టరు పెట్టాలి, కూలీ జేబులోంచి రాకూడదు. గ్లౌజు లోపలికి జిగురు జారితే, ఏమీ వేసుకోని చేతికంటే ఎక్కువ హాని. అలాంటిది వెంటనే తీసేయాలి.

డ్రమ్ము కలిపేటప్పుడు, బకెట్‌లోకి వంచేటప్పుడు కళ్లజోడు తప్పనిసరి. చిందేది అప్పుడే. మామూలుగా రాసేటప్పుడు మాస్కు అక్కర్లేదు, గాలి ఆడితే చాలు. మోకాళ్లకు ప్యాడ్లు కట్టుకోండి. కార్పెట్ పని చేసేవాళ్లకు మోకాలి చిప్ప ముందు నీరు చేరడం ఈ వృత్తిలో పాత జబ్బే.

4. గది సిద్ధం చేయడం

ఎదురెదురు కిటికీలు తెరవండి. స్ప్లిట్ ఏసీ వేసి తలుపులు మూసుకుంటే గాలి మారినట్టు కాదు, లోపలి గాలినే అది తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. టేబుల్ ఫ్యాను ఉంటే కిటికీ దగ్గర బయటికి తిప్పి పెట్టండి. సీలింగ్ ఫ్యాను మాత్రం పెద్ద స్పీడులో వద్దు. పైన పొర ఆరి, కింద పచ్చిగా ఉండిపోతుంది. ఆరిందనుకుని షీటు వేస్తే ఆ తడి లోపలే ఇరుక్కుంటుంది.

నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఉంచకండి. తడి జిగురు కరెంటుకు దారి ఇస్తుంది. ఫ్లోర్ సాకెట్లుంటే ఎం.సి.బి. దించేయండి. తడి జిగురు మీద కాలు జారితే ఆపుకోవడం కష్టం, నడవడానికి ఒక దారి వదిలి వెనక్కి రాసుకుంటూ రండి. పసిపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఆ రెండు మూడు రోజులూ వేరే చోట ఉంటే మంచిది.

5. తెరవడం, రాయడం, ఆగడం

మూత తీశాక మొదట చూడండి, తర్వాత కలపండి. పైన బూజు కనిపించినా, కుళ్లిన గుడ్డు వాసన వచ్చినా డ్రమ్ము తిప్పి పంపేయండి. చిక్కగా ఉందని నీళ్లు పోయొద్దు, చాలా జిగుర్లు అందుకు పనికిరావు. వేరే కంపెనీ జిగురు కలపొద్దు.

కంపెనీ చెప్పిన పళ్ల ట్రోవెల్‌తోనే (జిగురు పరిచే పళ్లున్న తాపీ) రాయండి. పళ్లు అరిగిపోతే జిగురు సరిగ్గా పరుచుకోదు, ఇంకా కావాలని ఇంకా పోస్తారు. ఎక్కువ జిగురంటే ఎక్కువ పట్టు కాదు. ఆరడానికి ఎక్కువ సేపు, గదిలో ఎక్కువ వాసన, అతుకుల్లోంచి పైకి ఉబికి రావడం, ఇంతే లాభం.

ఇక ఆగడం. రాసిన వెంటనే ట్రోవెల్ గీతలు పాలలా తెల్లగా నిలబడి ఉంటాయి. పావుగంట గడిచేసరికి గీతల కొనలు సన్నగా మెరుస్తాయి. తర్వాత అంచుల నుంచి తెలుపు విరుగుతూ, గంజి ఆరినట్టు, కింద గచ్చు రంగు కనిపించేంత పారదర్శకంగా మారుతుంది. గ్లౌజు వేసిన వేలితో మెల్లగా తాకి లేపండి. వేలికి తెల్లది అంటితే ఇంకా పచ్చి. బంకగా వేలిని పట్టి లాగి, లేపితే వేలికి ఏమీ అంటకుండా శుభ్రంగా వదిలితే షీటు వేయొచ్చు. ఇది వినైల్‌కి వాడే ఒత్తిడితో పట్టే జిగుర్ల సంగతి. తడి మీదే పరచాల్సిన రకాలూ ఉన్నాయి, డ్రమ్ము మీద చూసుకోండి. ఎండాకాలం అరగంటలో వచ్చే ఈ దశకు ముసురు పట్టిన రోజు గంటకు పైనే పడుతుంది. ఆ గంట ఎవరూ మేస్త్రీని తొందరపెట్టకూడదు.

6. పొరపాటు జరిగితే

కంట్లో పడితే నలపకుండా, రెప్పలు తెరిచి పట్టుకుని, సన్నటి ధారగా మంచినీళ్లతో కనీసం 15 నిమిషాలు కడగాలి. కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయాలి. 15 నిమిషాలంటే చాలా ఎక్కువసేపు అనిపిస్తుంది, అందుకే గడియారం చూసుకుంటూ కడగండి. తర్వాత కంటి డాక్టరు.

పిల్లలు నోట్లో పెట్టుకుంటే నోరు కడిగించండి. వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. మన రెండు రాష్ట్రాల్లో 108కి ఫోన్ చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. అమెరికాలో అయితే 1-800-222-1222. డబ్బా చేతిలో పట్టుకుని మాట్లాడండి.

చర్మానికి అంటితే ఆరకముందే సబ్బు, నీళ్లు. ఆరిపోతే కొబ్బరినూనె రాసి, ఐదు నిమిషాలాగి, గుడ్డతో తుడిచి సబ్బుతో కడగండి. థిన్నర్, కిరోసిన్, పెట్రోలుతో చేతులు కడగడం సైట్లలో రోజూ చూస్తుంటాను. చర్మం మీది సహజమైన నూనె మొత్తం పోయి, అలర్జీ కలిగించేది మరింత లోపలికి దిగుతుంది. మనం అన్నం చేత్తో తింటాం, కాబట్టి భోజనానికి ముందు గోళ్ల కింద బ్రష్‌తో రుద్ది కడుక్కోవాలి.

నేల మీద ఒలికితే ఇసుకో రంపపు పొట్టో చల్లి, పీల్చుకున్నాక పారతో ఎత్తి సంచిలో వేయండి. ఆ మరక మీద బ్లీచింగ్ పౌడరు పోయకండి. జిగురులో అమ్మోనియా ఉంటే రెండూ కలిసి ఊపిరాడనివ్వని క్లోరమీన్ వాయువు పుడుతుంది. ఇళ్లలో గచ్చు కడిగే యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్. ఏ రెండు శుభ్రం చేసే మందులూ ఒకదాని మీద ఒకటి పోయొద్దు.

7. డ్రమ్ము, కడిగిన నీళ్లు

ఖాళీ డ్రమ్ము మన ఇళ్లలో ఖాళీగా ఉండదు. కడిగి తాగునీళ్లకో, మజ్జిగకో, బియ్యానికో వాడేస్తారు. లోపలి ప్లాస్టిక్‌కి అంటిన పల్చటి పొర పూర్తిగా పోదు. ఆ డ్రమ్ముకు అడుగున చిల్లులు పొడిచేసి ఇవ్వండి, ఇంకెవరూ నీళ్లు పట్టరు. జిగురో నీళ్లో ఉన్న బకెట్‌ని మూత లేకుండా ఇంట్లో వదలొద్దు. నడక నేర్చిన పిల్లలు అందులోకి తలకిందులుగా పడితే లేవలేరు.

ట్రోవెల్ కడిగిన నీళ్లను ఇంకుడు గుంతలో పోయొద్దు. అది నేరుగా మీ బోరులోకే వెళ్తుంది. ప్రిజర్వేటివ్‌లు నీటి జీవులకు విషం, చెరువుకు వెళ్లే కాలువలోనూ పోయకూడదు. ముందు ట్రోవెల్‌ని పాత గుడ్డతో తుడిచేస్తే కడగాల్సింది చాలా తగ్గుతుంది. మిగిలిన జిగురు అట్టముక్కల మీద పల్చగా పరిచి, పిల్లలకు అందని ఎండలో ఆరబెట్టి, గట్టిపడ్డాక పొడి చెత్తలో వేయండి. కాల్చొద్దు. తడిగా మండకపోయినా ఎండిన జిగురు మండుతుంది, ఆ పొగ మంచిది కాదు. పెద్ద సైట్‌లో డ్రమ్ముల లెక్కన మిగిలితే కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ప్రమాదకర వ్యర్థాల కేంద్రాలు హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖ దగ్గర పరవాడలో ఉన్నాయి.

సగం మిగిలిన డ్రమ్ము మూత గట్టిగా బిగించి, తెరిచిన తేదీ రాసి, నీడలో పెట్టండి. మే నెలలో రేకుల షెడ్డు పనికిరాదు. చలి దేశాల్లో గడ్డకట్టే గరాజు కూడా అంతే.

8. పరిచిన తర్వాత

బరువు రోలర్‌తో రెండు దిశల్లోనూ తిప్పి, అతుకుల్లో ఉబికిన జిగురు తడిగా ఉండగానే తడిగుడ్డతో తుడవండి. ఒక రోజు వరకు బీరువాలు, మంచాలు జరపకండి. ఆ తర్వాత మూడు రోజులు నేలను తడిగుడ్డతో తుడవొద్దు. కిటికీలు తెరిచే ఉంచండి. గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చిందని ముందు రోజు రాత్రి షీటు వేయించుకునేవాళ్లు చాలామంది. ముహూర్తం మార్చలేకపోతే ఆ గది తర్వాత వేయించుకోండి. హోమగుండం మాత్రం వినైల్ మీద ఎప్పుడూ పెట్టకండి, టైల్సు ఉన్న చోటే పెట్టించండి. వారం దాటినా వాసన తగ్గక పెరుగుతుంటే అనుమానించాల్సింది గచ్చు తడినే. ఒక మూల షీటు లేపి చూడండి.

మా తమ్ముడు పని మానలేదు. ఇప్పుడు గది కొలిచి, షీట్లు కోసి, అతుకులు సరిచేస్తాడు. ట్రోవెల్ ముట్టడు, జిగురు ఆరే దాకా ఆ గదిలోకి రాడు. అదే ప్రిజర్వేటివ్ గిన్నెలు కడిగే లిక్విడ్‌లో, షాంపూలో, గోడలకు వేసే ఎమల్షన్ రంగుల్లో కూడా ఉంటుందని డాక్టరు చెప్పినప్పటి నుంచి, కిరాణా కొట్టులో ప్రతి సీసా వెనక ఆ మూడు పొట్టి పేర్ల కోసం వెతుకుతాడు. వాళ్లమ్మాయి రెండో తరగతి. నాన్న కోసం ఆ చిన్న అక్షరాలు చదివి పెట్టేది ఆ పిల్లే.